కార్డు వేడెక్కిన వేసవి

ఆ తోట కొట్టేస్తున్నారన్న సంగతి అమ్మ నాతో చాలా మామూలుగా చెప్పింది. కలుపు పనికి వెళ్ళొచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "ఈ కాపు దింపేశాక చెట్లు తీయించేస్తారంట. పామాయిల్ వేస్తారంట" అంది. నేను కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే ఎవరి తోట అని అడిగాను. అమ్మ తువ్వాలుతో పాదాలు తుడుచుకుని, గడప దాటి లోపలికొచ్చాక, "మన తోటే" అంది.

మన తోట అంటే మాది కాదు. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో, రోడ్డుకి కొంచెం లోపలగా ఉండే ఆ రసాల మామిడి తోట ఒక ఆసామిది. ఆయన తండ్రి మొక్కలు తెప్పించి నాటించిన రోజుల్లోనే మా అమ్మ కొత్తగా కాపరానికొచ్చింది. ఎర్రనేల. బావి ఎక్కడో ఒక మూలన. అమ్మా నాన్నా కావళ్ళతో నీళ్ళు మోసి, పాదు పాదుకీ పోసి, ఆ మొక్కల్ని మొదటి వేసవి దాటించారు. ఆ పని నచ్చి పెద్దాయన వాళ్ళని తోటలోనే కాపలా ఉండమన్నారు. తాటాకు పాక వేసుకున్నారు. నేను పుట్టింది ఆసుపత్రిలోనే అయినా, నాకు ఊహ తెలిసింది మాత్రం ఆ పాకలోనే. కాయ ముదిరే రోజుల్లో చిలకల్ని తోలడానికి నాకొక డబ్బా, ఒక పుల్ల ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఎక్కాలు అప్పజెప్పుకుంటూ డబ్బా కొట్టేదాన్ని. కాయలు సర్దే చెక్క పెట్టె ఒకటి బోర్లించి దానిమీద పుస్తకం పెట్టుకుని చదువుకున్నాను.

నేను డిప్లొమా చదువుతుండగా నాన్న పోయారు. అప్పటికే తోటలో బోరు పడింది, డ్రిప్పు పైపులు వచ్చాయి, ఏడాది పొడుగునా మనిషి ఉండాల్సిన అవసరం తగ్గింది. అమ్మా నేనూ నూజివీడు వచ్చి రేకుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఇల్లు మారినా అమ్మ ఆ తోట మానలేదు. కలుపన్నా, పాదులన్నా, కోతన్నా పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్ళిపోయేది. వేరే తోటల వాళ్ళు పిలిచినా ముందు అక్కడ పని లేదని రూఢి చేసుకున్నాకే వెళ్ళేది.

నా పని ఇంట్లోనే. విజయవాడలో అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో కొనేవాళ్ళకి ముందే చూపించాలనుకుంటారు. ప్లాను పంపితే నేను ఆ ఇంటిని కంప్యూటర్‌లో కట్టి, సోఫాలు వేసి, కిటికీలోంచి ఎండ పడుతున్నట్టు చేసి, అందులో నడుస్తూ తిరుగుతున్నట్టు వీడియో చేసిస్తాను. ఇంకా పునాది తవ్వని ఇళ్ళలో తిరగడం నాకు అలవాటు.

తోట సంగతి విన్న నాలుగైదు రోజులకి నాకీ ఆలోచన వచ్చింది. ఒక వస్తువుని చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే, వాటన్నిటినీ కలిపి ఆ వస్తువుని అచ్చంగా అదే ఆకారంలో తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒకసారి ఒక పాత మేడని అలా చేసిచ్చాను. మేడని చేసినప్పుడు తోటని ఎందుకు చేయకూడదు అనుకున్నాను. అమ్మకి చెబితే, ముందు ఆసామినడుగు అంది.

ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయనకి అమ్మ వయసే ఉంటుంది. అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. నేను చెప్పింది ఎంతవరకు అర్థమైందో తెలీదు గానీ, "ఫొటోలే కదమ్మా, తీసుకో. దానికి నన్నడగాలా?" అన్నారు. తర్వాత నేను అడగకుండానే, పూత నిలవడం లేదనీ, తామర పురుగుకి ఎన్ని మందులు కొట్టినా లాభం లేదనీ, కాయ పండినా కొనేవాడు చెప్పిందే రేటనీ చెప్పుకుంటూ పోయారు. తన తండ్రి బతికుంటే ఒప్పుకునేవాడు కాదని కూడా ఆయనే అన్నారు. నేను తలూపుతూ విన్నాను. చెట్లు తీసేయొద్దని చెప్పడానికి నేనెవర్ని?

గాలి లేని వేళ తీయాలి, ఆకులు కదిలితే లెక్క తప్పుతుంది. అందుకని తెల్లవారుతూనే వెళ్ళేదాన్ని. పని లేని రోజుల్లో అమ్మ కూడా వచ్చేది. ఒక చెట్టు చుట్టూ తిరుగుతూ, అడుగు అడుగుకీ ఆగి ఒక ఫొటో, మళ్ళీ ఫోన్ పైకెత్తి ఇంకో ఫొటో. అమ్మని పక్కన నిలబడమంటే నిలబడదు. నేనొక చెట్టు దగ్గరుంటే తను తర్వాతి చెట్టు కింద ఎండుటాకులు ఊడుస్తూ ఉండేది. ఫొటోలో పడుతున్నావమ్మా అంటే జరిగేది, మళ్ళీ అంతలోనే ఇంకో పుల్ల తీయడానికి వచ్చేది.

చెట్లకి అమ్మ పెట్టిన పేర్లున్నాయి. పిడుగు పడి సగం కాలి మళ్ళీ చిగిర్చింది కుంటి రసం. ఏటా అందరికంటే ముందు పూసేది తొందర చెట్టు. అన్నీ చిన్నరసాలే అనుకుని నాటితే నాలుగేళ్ళకి కాపు చూశాక కలెక్టరు కాయ అని తేలింది దొంగ మొక్క. ఆ పేర్లు నాకు తెలిసినవే. కానీ ఫోన్ పట్టుకుని తిరుగుతుంటే అమ్మ కొత్త సంగతులు కూడా చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు పుల్లకాయ మీదికి మనసు పోయి, అడగడానికి సిగ్గుపడి, రాలిన పిందెలు ఏరుకు తిందట. ఆ చెట్టు చూపించి, "దీనివే" అంది. నేను ఆ చెట్టుకి ఇంకో చుట్టు ఎక్కువ తిరిగాను.

ఫొటోలన్నీ చేరేసరికి ఏప్రిల్ దాటింది. అసలు పని అప్పుడు మొదలైంది.

నా కంప్యూటర్ పాత భాగాలతో కూర్చుకున్నది. అందులో ముఖ్యమైన గ్రాఫిక్స్ కార్డు, ఆటల సెంటరు ఒకటి మూసేస్తుంటే కొన్నది. ఏ ఆకు ఎంత దూరంలో ఉందో, ఏ కొమ్మ ఏ కొమ్మకి వెనక ఉందో ఫొటోల్ని ఒకదానితో ఒకటి పోల్చి లెక్క కట్టేది ఆ కార్డే. లెక్క కడుతున్నంతసేపూ ఆ బొమ్మలన్నీ తన సొంత మెమరీలో పట్టి ఉంచుకోవాలి. మెమరీ అంటే మరేం లేదు, కార్డు మధ్యలో ఉండే పెద్ద చిప్పు చుట్టూ నల్ల బిళ్ళల్లా అతికి ఉండే చిన్న చిప్పులు. అపార్టుమెంట్లు చేసేటప్పుడు దానికి అంత శ్రమ ఉండదు. గోడలు నున్నగా ఉంటాయి. మామిడి చెట్టు అలా కాదు.

మొదటి రోజు పని పెట్టిన కాసేపటికి తెర మీద గులాబీ రంగు చుక్కలు కనిపించాయి. చుక్కలు కాస్తా గళ్ళయ్యాయి. కొమ్మల మధ్య పచ్చ గళ్ళు, గులాబీ గళ్ళు మెరుస్తూ, అటూ ఇటూ గెంతుతూ, ఆఖరికి తెర మొత్తం నల్లబడి కంప్యూటర్ ఆగిపోయింది. వెనక నిలబడి చూస్తున్న అమ్మ, "చెట్లకి ఏదో తెగులు తగిలినట్టుందే" అంది.

మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. కార్డు ఎంత వేడెక్కిందో చూపించే అంకె మాత్రం మామూలుగానే ఉంది. రెండు మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. ఆ తర్వాత కార్డు బయటికి తీసి, పైన ఉన్న ఫ్యాను, దాని కింది లోహపు దిమ్మ విప్పి చూస్తే విషయం తెలిసింది. ఆ దిమ్మ మధ్యలో ఉన్న పెద్ద చిప్పునే తాకుతోంది. నేను చూస్తున్న అంకె కూడా దానిదే. చుట్టూ ఉన్న మెమరీ చిప్పులకి ఏ ఆచ్ఛాదనా లేదు, బోసిగా ఉన్నాయి. పైన రేకులు, బయట మే నెల. అవి కాలిపోతున్నాయన్న సంగతి చెప్పే అంకె ఆ కార్డులో ఎక్కడా లేదు.

విజయవాడలో నాకు తెలిసిన దుకాణానికి ఫోన్ చేస్తే, చిన్న హీట్‌సింకులు అతికించమన్నారు. బస్సులో పంపించారు. పొట్లం విప్పితే చిటికెనవేలి గోరంత అల్యూమినియం ముక్కలు, ఒక్కోదానికీ సన్నటి రేకల వరస, కింద అతికించడానికి వేడిని అందించే జిగురు టేపు. అమ్మ ఒకటి తీసి వేలి మీద పెట్టుకుని చూసింది.

"పేలదువ్వెన ముక్కలా ఉంది. ఏం చేస్తుంది ఇది?"

చిప్పులో వేడిని ఈ రేకల్లోకి లాక్కుని గాలికి వదిలేస్తుందని చెప్పాను.

"గాలేదీ? మనకే లేదు" అంది అమ్మ.

చిప్పుల మీద దుమ్ము గుడ్డతో తుడిచి, ఒక్కోదాని మీదా ఒక్కో ముక్క అతికించాను. కార్డు బిగించి పని పెట్టాను. గళ్ళు రాలేదు. తోటలో మొదటి వరస చెట్ల మొదళ్ళు తెర మీద బూడిదరంగులో తేలడం మొదలుపెట్టాయి. అమ్మని పిలుద్దామని లేచేలోగా కంప్యూటర్ డబ్బాలోంచి టింగుమని చప్పుడొచ్చింది. గబుక్కున స్విచ్చి ఆపేశాను. హీట్‌సింకు ఒకటి ఊడి కిందపడింది. కార్డు బోర్లా ఉంటుంది, చిప్పులు నేల వైపు చూస్తుంటాయి. ఆ వేడికి జిగురు మెత్తబడి ముక్క జారిపోయింది. అదృష్టం కొద్దీ ఒక ప్లాస్టిక్ అంచు మీద ఆగింది. పక్కనున్న తీగల మీద పడి ఉంటే కార్డే పోయేది. ఇంకో కార్డు కొనే స్థితిలో నేను లేను. తోట ఇంకొన్నాళ్ళే ఉంటుంది. ఏ చెట్టుకైనా ఫొటోలు సరిగ్గా రాలేదని లెక్కలో తేలితే వెళ్ళి మళ్ళీ తీయాలి. ఆ భయం నన్ను లోపల్లోపల తొందరపెడుతూ ఉండేది.

ఈసారి ఓపిగ్గా చేశాను. మందుల షాపులో స్పిరిట్ తెచ్చి చిప్పుల మీది పాత జిడ్డంతా దూదితో తుడిచాను. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. టేపు మార్చి, ఒక్కో హీట్‌సింకుని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. నా వేలు నొప్పి పుడుతుంటే అమ్మ తన వేలు పెట్టింది. కాయలు కోసీ మట్టి పిసికీ అమ్మ బొటనవేలు నాకంటే గట్టిది. ఇద్దరం చిన్న చిన్న బిళ్ళల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చోవడం చూస్తే ఎవరైనా నవ్వేవాళ్ళు. తర్వాత డబ్బాని నిలబెట్టకుండా పక్కకి పడుకోబెట్టాను. అప్పుడు కార్డు నిలువుగా ఉంటుంది, ముక్కలు అంత తేలిగ్గా ఊడవు. మూత తీసేసి, హీట్‌సింకుల రేకల మధ్యనుంచి గాలి పోయేటట్టు ఒక చిన్న ఫ్యాను కట్టాను. మెమరీ వేగం కూడా కొంచెం తగ్గించాను.

అయినా గది చల్లగా లేకపోతే ఆ గాలి కూడా వేడి గాలే. మా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటర్ వైపు తిప్పాను. అమ్మ చాప చుట్టుకుని పక్కింటివాళ్ళ వేపచెట్టు కిందికి వెళ్ళి పడుకుంది. మర్నాడు ఎక్కణ్ణుంచో గోనెపట్టాలు తెచ్చి కిటికీకి బయటివైపు వేలాడదీసి, వాటిమీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. కంప్యూటర్ దగ్గర నీళ్ళేంటని నేను కంగారుపడ్డాను. "లోపలికి చుక్క రానివ్వను. నీ పని నువ్వు చూసుకో" అంది. ఎండ తగ్గేదాకా గంటకోసారి బయట చెంబు చప్పుడు వినిపించేది. ఆ తర్వాత పట్టాల్లోంచి తడి వాసనతో కాస్త చల్లటి గాలి వచ్చేది.

అలా వరస తర్వాత వరస, తోట తెర మీదికి వచ్చింది. మధ్యలో కరెంటు పోయి ఒక వరస మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది. గులాబీ గళ్ళు మాత్రం మళ్ళీ కనిపించలేదు.

మే ఆఖరుకి కాపు దింపేశారు. తొలకరికి ముందే చెట్లు తీయాలని మిషన్లు వచ్చాయి. కొమ్మలు పోగేయడానికి కూలీలు కావాలన్నారు. అమ్మ పొద్దున్నే క్యారేజీ కట్టుకుంటుంటే చూసి, ఈ పనికి నువ్వు వెళ్ళకపోతేనేం అన్నాను.

"ఎవరో ఒకరు పోగెయ్యాలిగా" అంది. క్యారేజీ మూత నొక్కి, "తెలిసినవాళ్ళు పోగేస్తే మేలు" అంది.

నేను వెళ్ళలేదు. వెళ్తే ఏడుస్తానని తెలుసు. సాయంత్రం అమ్మ చేతులు సొన అంటుకుని నల్లగా వచ్చాయి. కిరోసిన్‌తో రుద్దినా పోలేదు. అన్నం తిని పడుకుంది. దీపం ఆర్పబోతుంటే, "మొద్దులన్నీ లోపల ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. ఇంకా చాలా ఏళ్ళు కాసేవి" అని మాత్రం అంది. ఆ వారమంతా రోజూ వెళ్ళింది. ఆ తర్వాత పామాయిల్ మొక్కలకి గుంతలు తీసేటప్పుడు కూడా వెళ్ళింది. కొత్త మొక్కలు ఎలా ఉన్నాయని అడిగితే, మొక్క ఏం చేసింది పాపం, బాగానే ఉన్నాయి అంది.

వానలు పడి ఇల్లు చల్లబడ్డాక ఒక ఆదివారం పొద్దున అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి తోట తెరిచాను. గేటు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నట్టు వచ్చింది. ఎర్రమట్టి బాట, రెండువైపులా మొదళ్ళు, కొమ్మలకి వేలాడే కాయలు. అమ్మ ముందుకి వంగింది. మౌస్ మీద తన చెయ్యి పెట్టి, దాని మీద నా చెయ్యి పెట్టి నడిపించాను. కొంచెం అలవాటయ్యాక చెయ్యి తీసేశాను. అమ్మ ఒక్కసారిగా తోసేసరికి నేల చీల్చుకుని కిందికి వెళ్ళిపోయాం. పైన తోట అడుగుభాగం బోలుగా కనిపిస్తోంది, కింద అంతా నలుపు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. కిందికి పోయామేంటే అని నా వైపు చూసింది. నవ్వుతూ మళ్ళీ పైకి తెచ్చాను.

ఒక్కో చెట్టూ గుర్తుపట్టింది. పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళింది. దగ్గరికెళితే ఆకులు విడివిడిగా లేవు, ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. ఆ మాట అమ్మ అననేలేదు, నేనే సంజాయిషీ చెప్పుకున్నాను. కుంటి రసం దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"అదేంటి, నా చీరలా ఉందే."

చెట్టు మొదలు పక్కన నీలంరంగు చీర కుచ్చిళ్ళు, రెండు పాదాలు, వంగిన నడుము. నడుము పైన ఏమీ లేదు. గాలిలో ఆగిపోయింది. తను ఊడుస్తుండగా నా ఫొటోల్లో కొన్నిట్లో పడింది, సాఫ్ట్‌వేర్ పట్టుకోగలిగినంత పట్టుకుని మిగతాది వదిలేసింది. నేనది ముందే చూశాను. తుడిచేయడానికి చెయ్యి రాలేదు.

"మొహం లేదే" అంది అమ్మ.

"నువ్వు కదిలావమ్మా. కదిలేవాటిని ఇది పట్టుకోలేదు."

"పనిలో ఉన్నదాన్ని కదలకుండా ఎలా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

తర్వాత పాక దగ్గరికి తీసుకెళ్ళమంది. పాక పీకేసి చాలా ఏళ్ళయింది. అక్కడ చెట్లు లేవు కాబట్టి నేను ఫొటోలు కూడా తీయలేదు. తెర మీద ఆ చోట చిరుగులాంటి ఖాళీ ఉంది. అమ్మ ఆ ఖాళీలోకి వేలు చూపిస్తూ, పొయ్యి ఎటువైపు ఉండేదో, వాన జల్లు కొడితే నన్ను ఏ మూలకి జరిపేదో, నాన్న కండువా ఏ వాసానికి వేలాడదీసేవారో చెప్పింది. నా పనే ఇళ్ళు కట్టడం కదా, నువ్వు చెప్పినట్టు పాక కట్టి అక్కడ పెడతానన్నాను. తాటాకులు, వెదురు తడిక, అన్నీ చేయగలను.

"వద్దులే. లేనిది పెట్టకు. ఉన్నది తీశావు, చాలు" అంది.

తెర మీది తోట సంగతి అమ్మే పనిలో ఎవరితోనో చెప్పి ఉంటుంది. శ్రావణంలో ఒక సాయంత్రం ఆసామి మా ఇంటి ముందు స్కూటర్ ఆపారు. అన్నేళ్ళలో ఆయన మా గడప తొక్కడం అదే మొదటిసారి. అమ్మ కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చి, తను గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తోట చూపిస్తావా అమ్మా అని నన్నడిగారు.

ఆయన బావి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. బావి పక్కన ఉన్న చెట్టు వాళ్ళ నాన్న తన చేత్తో నాటిందట. మిగతావన్నీ నాటించినవి, అదొక్కటే నాటింది. వేసవిలో దాని కిందే మంచం వేయించుకునేవారట. చెట్టు తెర మీదికి రాగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వెనక్కి తిరక్కుండానే అమ్మతో, "ఇలా వచ్చి కూర్చో" అన్నారు.

"పర్లేదు బాబుగారూ."

"నిలబడితే నీకు కనపడదు. కూర్చో."

ఆయన కుర్చీ పక్కనే ఉన్న మంచం అంచు మీద అమ్మ కూర్చుంది. ఆ తర్వాత నేను వాళ్ళని తోటంతా తిప్పుతూ పోయాను. ఇద్దరూ ఆ పెద్దాయన గురించి చెప్పుకున్నారు. ఆయన కోపం, చుట్ట, కోత మొదలయ్యే రోజు చిక్కం తనే పట్టుకుని మొదటి కాయ కోసే పద్ధతి. చిన్నప్పుడు తండ్రికి చెప్పకుండా చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకున్న సంగతి ఆసామి చెబితే అమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. కుంటి రసం దగ్గర ఆ సగం మనిషిని చూసి ఎవరని అడిగారు. నేనేనండీ అంది అమ్మ.

వాళ్ళింట్లో కంప్యూటర్‌కి ఇది నడిపే శక్తి లేదు. బావి దగ్గరి చెట్టు చుట్టూ తిరుగుతున్నట్టు వీడియో చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకుంటూ, మాటలో మాటగా, చాట్రాయి దగ్గర తమ బంధువుల తోటకి పిందె పడ్డప్పటినుంచి కోత దాకా కాపలా ఉండడానికి నమ్మకమైన మనుషులు దొరకడం లేదని, ఎవరన్నా ఉంటే చెప్పమని అమ్మని అడిగారు.

"నేను వెళ్తానండీ" అంది అమ్మ.

ఆయన కూడా ఆశ్చర్యపోయారనుకుంటాను. సీజనుకి ఇంకా చాలా టైముంది, ఆలోచించుకోమని వెళ్ళిపోయారు. నేను ఊరుకోలేదు. నీ మోకాళ్ళేంటి, వయసేంటి, ఒక్కదానివీ తోటలో ఎలా ఉంటావు అని దాదాపు పోట్లాడాను. నీ కోసమే కదా ఇంత చేశాను, కావాల్సినప్పుడల్లా చూసుకోవచ్చు కదా అని కూడా అన్నాను. అమ్మ బియ్యం ఏరుతూ అంతా వింది.

"చూశాను. బాగుంది" అంది చివరికి. "చూశాక ఇక్కడ కూర్చోలేకపోతున్నా. నాకు గాలి తగలాలే."

మాఘంలో, పిందె బఠాణీ గింజంత అయినప్పుడు అమ్మ వెళ్ళిపోయింది. తోడుగా ఇంకో కుటుంబం ఉంటుందని ఆసామి పూచీపడ్డాకే నేను ఒప్పుకున్నాను. ఒక మూట, రెండు గిన్నెలు, నేను కొనిచ్చిన ఫోను. బస్సెక్కించి ఇంటికొస్తే ఇల్లు చాలా పెద్దదైపోయినట్టు అనిపించింది. టేబుల్ ఫ్యాను ఎటు తిప్పుకున్నా అడిగేవాళ్ళు లేరు.

ఎండలు ముదిరాయి. అపార్టుమెంట్ల పని మధ్యలో ఎప్పుడైనా తోట తెరుస్తాను. చెట్ల దగ్గర ఎక్కువసేపు ఉండను. నేరుగా ఆ నీలం చీర దగ్గరికి వెళ్తాను. దాని చుట్టూ తిరిగితే వెనకవైపు మూడు నాలుగు ఎండుటాకులు అతుక్కుని ఉంటాయి. చీపురు లేదు, అదీ కదిలిపోయింది. తోట పోతుందనుకుని ఫొటోలు తీశాను గానీ, తియ్యాల్సింది ఎవర్నో నాకప్పుడు తట్టలేదు. ఇలా రాస్తే అమ్మ నవ్వుతుంది. తను బతికే ఉంది, బస్సెక్కితే పూటలో కనిపిస్తుంది. అయినా సరే.

ఏప్రిల్‌లో వీలు చూసుకుని చాట్రాయి వెళ్ళాను. కంచె దగ్గర కర్ర పట్టుకుని ఎదురొచ్చింది. చిక్కి, నల్లబడింది. నడక మాత్రం చురుగ్గా ఉంది. అవి బంగినపల్లి చెట్లు, కొమ్మలు నేలకి తగిలేలా కాశాయి. పేర్లేమన్నా పెట్టావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"ఇంకా తెలీడం లేదు. ఒక కాపన్నా చూడాలిగా."

నేను ఫోన్ తీసి తనని అక్కడ నిలబడమన్నాను. నిలబడింది కూడా, రెండు చేతులూ కిందికి వదిలేసి, ఊపిరి బిగబట్టి, పాస్‌పోర్టు ఫొటోకి నిలబడ్డట్టు. అలా ఉంటే అది మా అమ్మలా లేదు. ఫోన్ లోపల పెట్టేశాను. పచ్చడి మెతుకులు కలిపి ముద్దలు పెట్టింది, తిన్నాను. చీకటి పడేలోగా బస్సుందని తనే తరిమింది.

ఇంటికి చేరేసరికి ఇంకా కొంచెం వెలుగు ఉంది. చేరానని చెప్పడానికి ఫోన్ చేశాను. తిన్నావా అని అడగబోయి, "కోతులొచ్చాయి, పెట్టేస్తున్నా" అంది. పెట్టేయలేదు. ఫోన్ కొంగున ముడేసుకుని ఉంటుంది. ఎండుటాకుల మీద పరుగు, కర్రతో కొమ్మ మీద కొట్టిన చప్పుడు, ఎవర్నో కేకేసి ఇటు రమ్మనడం, కోతుల్ని నానా తిట్లూ తిట్టడం వినిపించాయి. ఆయాసం వినిపించింది. మళ్ళీ పరుగు. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, అలాగే వింటూ ఉండిపోయాను.